నొప్పి గోలీతో వచ్చేది గ్యాస్ ఒక్కటే కాదు

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో నొప్పి గోలీల గురించి ఒక అభిప్రాయం పాతుకుపోయింది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నిమెసులైడ్ వంటి మందులతో చెడు జరిగితే గిరిగితే అది కడుపులో మంట, గ్యాస్ మాత్రమేనని, వాటికి విరుగుడు కూడా చేతిలోనే ఉందని జనం నమ్మకం. తిన్నాక వేసుకుంటే ఏమీ కాదు. తోడుగా ఒక గ్యాస్ గోలీ వేసుకుంటే అసలు దిగులే లేదు. అదీ పడకపోతే "సూదేయించుకుంటే కడుపులకే పోదు గద". గోదావరిఖనిలో గనికి పోయే కార్మికుడు, కోరుట్ల, మెట్‌పల్లిలో పొద్దంతా వంగి బీడీలు చుట్టే మహిళ, సిరిసిల్లలో మరమగ్గాల ముందు షిఫ్టు మొత్తం నిలబడే నేత కార్మికుడు, ఆదిలాబాద్ చేన్లలో పత్తి ఏరే కూలీ, అందరి నోటా ఇదే మాట. ఊరి ఆర్‌ఎంపీ చెప్పేదీ, మెడికల్ షాపులో వినిపించేదీ ఇదే. చదువుకున్న ఇళ్లు ఇందుకు మినహాయింపు కాదు. ఈ మూడు నమ్మకాల్లో మొదటిది చాలావరకు తప్పు, రెండోది సగం నిజం, మూడోది పూర్తిగా తప్పు. వాటన్నిటికీ పునాదిగా ఉన్నది మరీ పెద్ద తప్పు: నొప్పి గోలీ చేసే హాని కడుపు దాటి పోదన్నది.

ఈ మందులు ఏం చేస్తాయో చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. దెబ్బ తగిలిన చోట, వాచిన కీలులో, పట్టేసిన కండరంలో కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తయారు చేస్తాయి. వాటి వల్ల నరాల కొసలు సున్నితమవుతాయి, మామూలప్పుడు తెలియని చిన్న ఒత్తిడి కూడా నొప్పిగా తెలుస్తుంది. అక్కడి రక్తనాళాలు వెడల్పయి వాపు, వేడి వస్తాయి. మెదడులో ఇవే రసాయనాలు జ్వరాన్ని పెంచుతాయి. వీటిని తయారుచేసే ఎంజైము పేరు సైక్లో ఆక్సిజనేజ్, పొట్టిగా కాక్స్. జర్మనీలోని బేయర్ కంపెనీ ఆస్పిరిన్‌ను 1899లోనే అమ్మకానికి తెచ్చినా, అది ఈ రసాయనాల తయారీని ఆపడం ద్వారానే పనిచేస్తుందని బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో గానీ నిరూపించలేదు. 1982లో ఆయనకు, మరో ఇద్దరికి కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. డైక్లోఫెనాక్ కుటుంబంలోని మందులన్నీ ఈ దారిలోనే నడుస్తాయి.

అయితే ప్రోస్టాగ్లాండిన్లకు నొప్పి పుట్టించడం ఒక్కటే పని కాదు. జీర్ణాశయం గోడను ఆమ్లం నుంచి కాపాడేది అవే. శరీరంలో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం అందేలా చూసేది అవే. కాక్స్ నుంచే పుట్టే వాటి దాయాది రసాయనం ఒకటి రక్తం గడ్డకట్టడంలో ప్లేట్‌లెట్లకు తోడ్పడుతుంది. గర్భంలోని బిడ్డ గుండె దగ్గర తెరిచి ఉండాల్సిన ఒక రక్తనాళాన్ని తెరిచి ఉంచేవీ ప్రోస్టాగ్లాండిన్లే. అందుకే 20 వారాలు దాటిన గర్భిణులు డాక్టరు చెప్పకుండా ఈ గోలీలు వాడకూడదు. మోకాలిలోని కాక్స్‌ను ఆపి మూత్రపిండంలోని కాక్స్‌ను వదిలేయడం మందుకు చేతకాదు. మింగినా, సూదితో ఎక్కించినా అది రక్తంలో కలుస్తుంది, రక్తం పోయే చోటికల్లా పోతుంది. నొప్పి తగ్గించడం, హాని చేయడం దీనికి రెండు వేర్వేరు పనులు కావు. ఒకే పని శరీరంలో ఒకచోట మేలుగానూ మరోచోట కీడుగానూ తేలుతుంది.

కడుపు సంగతే ముందు చూడాలి, జనం వాదన అంతా అక్కడే ఉంది కాబట్టి. గోలీ నేరుగా గోడకు తగిలి పుట్టించే మంట మొత్తం హానిలో చిన్న భాగం. తిని వేసుకుంటే ఆ చిన్న భాగం కొంత తగ్గుతుంది. ప్రోస్టాగ్లాండిన్లు ఆగిపోయి, జిగురు పొర పలచబడి, గోడకు రక్తం తగ్గి పుండు పడటం రక్తం ద్వారా జరిగే పని. దాన్ని అన్నం ముద్ద ఆపలేదు. సూది వాదన నిలవకపోవడానికి కారణమూ ఇదే. పిరుదులోకి ఎక్కించిన 75 మిల్లీగ్రాముల డైక్లోఫెనాక్ నిమిషాల్లో రక్తంలోకి చేరి, ఆ రక్తంతోపాటే కడుపు గోడకు వస్తుంది. పైగా సూదికి సొంత ప్రమాదాలున్నాయి. తప్పుచోట గుచ్చితే కాలి నరం దెబ్బతిని పాదం వాలిపోవచ్చు. అరుదుగానైనా సూది పడిన చోట చర్మం, కండరం నల్లబడి చచ్చుబడతాయి. వైద్యులు దీన్ని నికొలౌ సిండ్రోమ్ అంటారు.

గ్యాస్ గోలీ మాట కొంత నిజం. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ ఆమ్లాన్ని తగ్గిస్తాయి, జీర్ణాశయంలోనూ దాని వెంబడి వచ్చే పేగు మొదట్లోనూ పుండ్లు పడటాన్ని తగ్గిస్తాయి. వయసు మళ్లినవారికి నొప్పి మందుతో కలిపి డాక్టర్లు రాసేది అందుకే. కానీ ఆ రక్షణ అక్కడితో సరి. చిన్నపేగు కింది భాగంలో పడే పుండ్లకు ఆమ్లంతో సంబంధం లేదు, అక్కడ ఈ గోలీ ఏమీ చేయలేదు. మూత్రపిండానికి, గుండెకు, బీపీకి దీనివల్ల ఒరిగేది లేదు. మంట లేదు కాబట్టి అంతా బాగుందన్న ధైర్యంతో మనిషి అదే గోలీని వారాలకు వారాలు మింగుతాడు. పుండు పడిన సంగతి కూడా చాలాసార్లు తెలియదు, ఎందుకంటే నొప్పి తెలియకుండా చేయడమే ఆ మందు పని. మలం నల్లగా జిగటగా రావడం, వాంతిలో కాఫీపొడి రంగు కనబడటం మొదటి గుర్తులు కావచ్చు. అప్పటికే లోపల రక్తం కారుతోందన్నమాట.

మూత్రపిండాల విషయంలో ఈ ప్రాంతం మరింత జాగ్రత్తగా ఉండాలి. మూత్రపిండంలోని లక్షల సూక్ష్మ వడపోత గుచ్ఛాల్లో ఒక్కోదానికి రక్తం తెచ్చే నాళం ఒకటి, తీసుకుపోయే నాళం ఒకటి ఉంటాయి. ఆరోగ్యంగా ఉండి, నీళ్లు బాగా తాగిన మనిషికి ఆ నాళాలను తెరిచి ఉంచడానికి ప్రోస్టాగ్లాండిన్ల సాయం పెద్దగా అక్కర్లేదు. అందుకే మూడు రోజులు గోలీ వాడిన కుర్రవాడికి ఏమీ కాదు, ఆ అనుభవమే ఊరందరికీ సాక్ష్యమవుతుంది. చెమటగానో వాంతులు విరేచనాలుగానో శరీరంలోని నీరు పోయినప్పుడు లెక్క మారుతుంది. బీపీ పడిపోకుండా శరీరం రక్తనాళాలను బిగిస్తుంది. ఆ బిగింపుకు ఎదురుగా, వడపోతకు రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచేది ప్రోస్టాగ్లాండిన్లే. సరిగ్గా ఆ సమయంలో నొప్పి గోలీ పడితే నాళం ముడుచుకుంటుంది, వడపోత పడిపోతుంది, మూత్రం తగ్గుతుంది. ఇందుకు ఏళ్లు పట్టనక్కర్లేదు, కొద్ది రోజులు చాలు.

రామగుండం, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్ వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. ఓపెన్‌కాస్ట్ గనిలో, ఇటుక బట్టీ దగ్గర, కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో పనిచేసే మనిషి షిఫ్టు అయ్యేసరికి చెమటలో లీటర్ల నీరు పోగొట్టుకుని ఉంటాడు. అతనికి నడుము నొప్పి వచ్చేదీ అప్పుడే, గోలీ వేసుకునేదీ అప్పుడే. అంటే ఈ మందు అత్యంత ప్రమాదకరంగా మారే గంటలోనే ఇక్కడ దాని వాడకం ఎక్కువ. దీనికి బీపీ మందులు తోడైతే పరిస్థితి ఇంకా చెడుతుంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్ వంటివి వడపోత నుంచి రక్తం బయటికి తీసుకుపోయే నాళాన్ని సడలిస్తాయి, హైడ్రోక్లోరోథయజైడ్ వంటివి మూత్రం ద్వారా నీటిని పంపేస్తాయి. డాక్టరు చూసి రాసినప్పుడు రెండూ మంచి మందులే. చాలామంది వాడే ఒకే బీపీ గోలీలో ఈ రెండూ కలిసి ఉంటాయి. దానిమీద నొప్పి గోలీ వేస్తే లోపలికొచ్చే రక్తం తగ్గి, వడపోతకు కావాల్సిన ఒత్తిడి పోయి, ఒంట్లో నీరూ తగ్గి మూడు వైపుల నుంచీ మూత్రపిండం చిక్కుకుంటుంది. నొప్పి గోలీ ఉప్పును, నీటిని ఒంట్లో నిలబెట్టి బీపీని పెంచడం వేరే సంగతి. బీపీ అదుపులోకి రావడం లేదని మందు మార్పించుకోవడానికి తిరిగేవారు, తాము రోజూ వేసుకునే మోకాళ్ల నొప్పుల గోలీ సంగతి డాక్టరుకు చెప్పరు. దాన్ని మందుగానే లెక్కపెట్టరు కాబట్టి.

ఇదే మందు మూత్రపిండం మీద ఎంత పని చేయగలదో కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లా అడవులకు తెలుసు. బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద 2013లో పొడవు ముక్కు రాబందుల గూళ్లు బయటపడ్డాయి. ఆ వార్త అంత పెద్దది ఎందుకయిందంటే, దేశంలో ఆ జాతి అప్పటికి అంతరించే దశలో ఉంది. 1992కూ 2007కూ మధ్య వాటి సంఖ్య దాదాపు 97 శాతం పడిపోయింది. ఏదో అంతుచిక్కని రోగమని మొదట అనుకున్నారు. పాకిస్తాన్‌లో చనిపోయిన రాబందులను పరీక్షించిన లిండ్సే ఓక్స్ బృందం 2004లో అసలు కారణం బయటపెట్టింది. కుంటే ఎద్దుకు, పొదుగు వాచిన ఆవుకు వేసిన డైక్లోఫెనాక్ సూది ఆ పశువు చచ్చాక మాంసంలో మిగిలి, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలను పాడు చేస్తోంది. బయటికి పోవాల్సిన యూరిక్ ఆమ్లం ఒంట్లోనే పేరుకుని గుండె, కాలేయం పైన తెల్లగా సున్నం పూసినట్టు కనబడేది. 2006లో కేంద్రం పశువైద్యంలో డైక్లోఫెనాక్‌ను ఆపింది. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు మళ్లుతున్నాయని 2015లో మనుషుల సూది మందును 3 మిల్లీలీటర్ల ఒక్క మోతాదుకు కుదించింది. పశువు ఒంట్లో ఎసిక్లోఫెనాక్ డైక్లోఫెనాక్‌గానే మారుతుందని తేలాక 2023లో దాన్నీ, కీటోప్రొఫెన్‌నూ పశువులకు నిషేధించింది.

రాబందు వేరు, మనిషి వేరు అని ఎవరైనా అంటే ఆ మాట నిజమే. రాబందు ఒళ్లు ఈ మందును వదిలించుకోలేదు, అతి కొద్ది మోతాదే దాన్ని చంపుతుంది. మనిషి కాలేయం కొన్ని గంటల్లో దాన్ని విరిచి పంపేస్తుంది. కాబట్టి రాబందుకు జరిగిందే మనిషికీ జరుగుతుందని చెప్పడం కుదరదు. కానీ ఈ మందు హాని కడుపుతో ఆగిపోతుందన్న వాదనను కొట్టేయడానికి ఈ ఉదంతం చాలు. ఆ పక్షులు చచ్చింది మూత్రపిండాలు ఆగిపోయి. రాబందుల కోసం ఎద్దుకు కూడా వద్దన్న సూదిని, ఆ ఎద్దును తోలే రైతుకు బీపీ చూడకుండా, షుగర్ అడగకుండా వేయడం ఏ రకంగానూ సమర్థనీయం కాదు.

గుండె సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కడుపుకు హాని చేయదని ప్రచారం పొందిన రోఫెకాక్సిబ్ 1999లో వచ్చి, గుండెపోట్లు పెంచుతోందని తేలడంతో 2004 సెప్టెంబరులో ప్రపంచమంతటా ఉపసంహరణకు గురైంది. కడుపును కాపాడితే చాలన్న ఆలోచనకు అది పెద్ద ఎదురుదెబ్బ. వందలాది ప్రయోగాల ఫలితాలను కలిపి 2013లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన విశ్లేషణ ప్రకారం డైక్లోఫెనాక్‌ను రోజుకు 150 మిల్లీగ్రాముల చొప్పున ఏడాది పాటు వాడిన ప్రతి వెయ్యి మందిలో అదనంగా ముగ్గురికి గుండెపోటు, పక్షవాతం వంటివి వస్తాయి, అందులో ఒకరు చనిపోతారు. స్టెంటు వేయించుకున్నవారు, గుండె బలహీనంగా ఉన్నవారు దీనికి దూరంగా ఉండాలనడానికి కారణం ఇది.

అన్నిటికన్నా వెంటనే మానాల్సింది జ్వరానికి ఈ సూది వేయించుకోవడం. వానలు పడ్డాక ఉట్నూరు ఏజెన్సీలోనూ, కరీంనగర్ బస్తీల్లోనూ డెంగీ తప్పకుండా వస్తుంది. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారుతుంది. అలాంటప్పుడు డైక్లోఫెనాక్ గానీ ఐబుప్రోఫెన్ గానీ ఆస్పిరిన్ గానీ పడితే మిగిలిన ప్లేట్‌లెట్లు కూడా సరిగా పనిచేయవు, కడుపులో రక్తస్రావానికి దారి తెరుచుకుంటుంది, ద్రవం తగ్గిన ఒంట్లో మూత్రపిండాలు దెబ్బతింటాయి. డెంగీకి పారాసెటమాల్ తప్ప మరో నొప్పి మందు వద్దని ప్రభుత్వ మార్గదర్శకాలు చెప్పేది అందుకే. సూది వేయగానే చెమటలు పట్టి జ్వరం దిగిపోతుంది, రోగి లేచి కూర్చుంటాడు, వేసినవారికి పేరొస్తుంది. కానీ డెంగీలో ప్రమాదం మొదలయ్యేది చాలావరకు మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, జ్వరం తగ్గే వేళలోనే. మందుతో దిగిన జ్వరాన్ని చూసి రోగం పోయిందనుకున్న కుటుంబం కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల రక్తం, చల్లబడే చేతులు కాళ్లు వంటి గుర్తులను చూడాల్సిన రెండు రోజులు పోగొట్టుకుంటుంది.

ఊళ్లో నొప్పికి ఇచ్చే మందు ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలి. చిన్న కాగితం పొట్లం, అందులో పూటకు నాలుగు గోలీలు. పెద్ద తెల్లది ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిపింది. చిన్న పసుపుది గ్యాస్ గోలీ. ఎర్రది బి కాంప్లెక్స్. చిటికెన గోరంత తెల్లది చాలాసార్లు డెక్సామెథాసోన్ లేదా ప్రెడ్నిసలోన్, అంటే స్టెరాయిడ్. మొదటి పూటకే ఒళ్లు తేలికపడి "గోలీ మంచిగ పనిచేసింది" అనిపించేది దానివల్లే. స్టెరాయిడ్, నొప్పి గోలీ కలిస్తే కడుపులో పుండు పడే ప్రమాదం అనేక రెట్లవుతుంది, షుగర్ పెరుగుతుంది, ముఖం ఉబ్బుతుంది. వాతం పొడులు, మూలికల గోలీలు అని అమ్మేవాటిలోనూ ఇలాంటి స్టెరాయిడ్లు, డైక్లోఫెనాక్ కలిపినవి పరీక్షల్లో పట్టుబడుతుంటాయి. పొట్లం మీద పేర్లుండవు. మెడికల్ షాపులో కొన్నా కత్తెరతో నాలుగు గోలీలు కత్తిరించి ఇస్తారు, మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందులు. స్ట్రిప్ మీద నిలువు ఎర్ర గీత ఉంటే అర్హత ఉన్న డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చట్టం. ఆ గీత కూడా ముక్క ముక్కలైపోతుంది.

పేరు తెలియకపోతే మందు రెండింతలు పడుతుంది. పొట్లంలోని గోలీలో అప్పటికే 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉంటుంది, జ్వరమని ఇంట్లో ఉన్న 650 గోలీ కూడా వేసుకుంటారు. పొద్దున సూది, రాత్రి గోలీ అంటే రెండుసార్లు డైక్లోఫెనాక్. ఒకటి సరిపోకపోతే రెండు రకాలు వేసుకుంటే ఎక్కువ తగ్గుతుందన్నదీ తప్పే. ఈ మందుల నొప్పి తగ్గించే శక్తికి ఒక హద్దు ఉంది. ఆ మోతాదు దాటితే ఉపశమనం పెరగదు, హాని మాత్రం పెరుగుతూనే పోతుంది.

జనం అభిప్రాయం వెనక ఒక బలమైన వాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కూలికి పోకపోతే ఆ రోజు గడవని మనిషికి పది రూపాయల గోలీ పూట కూలి నిలబెడుతుంది. పదిహేను కిలోమీటర్ల దూరంలోని పీహెచ్‌సీకి పోతే పని పోతుంది, ఆర్‌ఎంపీ అర్ధరాత్రి కూడా తలుపు తీస్తాడు. ఇది నిజం. నొప్పిని ఓర్చుకోమని వారికి చెప్పే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ గోలీ చౌక అన్నది మాత్రం ఒప్పుకోదగింది కాదు. మూత్రపిండాలు పోయాక వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలసిస్ మీద పడుకోవాలి. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రభుత్వాసుపత్రుల్లో అది ఉచితంగా దొరికినా, పోయి వచ్చే రోజుల కూలి, తోడు వచ్చే మనిషి కూలి ఎవరూ ఇవ్వరు. మూత్రపిండాల జబ్బుకు షుగరు, బీపీలే ముఖ్య కారణాలు. అవి ఉన్నవారికి నొప్పి గోలీ ఆ జబ్బును ముందుకు తోస్తుంది, అవి తమకున్నట్టు తెలియనివారు ఊళ్లలో ఎందరో ఉన్నారు.

నొప్పికి వేరే దారి లేదన్నదీ నిజం కాదు. మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్ జెల్ రాస్తే రక్తంలోకి చేరేది గోలీతో పోలిస్తే దాదాపు 6 శాతమే, కీలు దగ్గర మాత్రం సరిపడా అందుతుంది. కొత్తగా పట్టిన నడుము నొప్పి చాలామందికి మెల్లగా కదులుతూ, కాపడం పెట్టుకుంటూ ఉంటే కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. జ్వరానికి, ఒళ్లు నొప్పులకు, తలనొప్పికి పారాసెటమాల్‌తో మొదలుపెట్టాలి. అది వాపును పెద్దగా తగ్గించదు, కడుపును, మూత్రపిండాన్ని మిగతావాటిలా ఇబ్బంది పెట్టదు. దాని హద్దు కాలేయం. పెద్దవారికి రోజుకు 4 గ్రాములు, అంటే 650 గోలీలు ఆరు దాటకూడదు. 50 కిలోల లోపు బరువున్నవారికి, రోజూ కల్లో సారానో తాగేవారికి ఇంకా తక్కువ. హద్దు దాటితే కాలేయంలో విషాన్ని విరిచే గ్లూటాథయోన్ అనే పదార్థం అయిపోయి, మందు నుంచి పుట్టే విషం కణాలను చంపుతుంది. మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియదు, రెండు మూడు రోజులకు కామెర్లు బయటపడతాయి. పొరపాటున ఎక్కువ మింగినవారిని బాగున్నారు కదా అని ఇంట్లో ఉంచకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు మొదటి గంటల్లోనే బాగా పనిచేస్తుంది.

డాక్టరు చీటీతో డైక్లోఫెనాక్ వంటివి వాడాల్సి వచ్చినా, తక్కువ మోతాదు, తక్కువ రోజులు, ఒకేసారి ఒకే రకం అన్నవి దాటకూడదు. వాంతులు, విరేచనాలు పట్టిన రోజున, ఎండదెబ్బ తగిలిన రోజున అసలు వేసుకోకూడదు. నెలల తరబడి వాడుతున్నవారు బీపీ చూపించుకుని, మూత్రంలో ప్రోటీన్, మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తంలోని క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. పీహెచ్‌సీలో నమూనా ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద ఈ పరీక్షకు డబ్బు తీసుకోరు. మూత్రం తగ్గడం, కాళ్లు, ముఖం వాయడం, ఆయాసం కనబడితే గోలీ ఆపి అదే రోజు చూపించుకోవాలి. నొప్పి మందు వల్ల ఒక్కసారిగా పెరిగిన క్రియాటినిన్, మందు త్వరగా ఆపితే చాలామందిలో రోజుల్లోనో వారాల్లోనో దిగివస్తుంది. ఆలస్యమై మూత్రపిండంలో మచ్చలు పడ్డాక అది దిగదు.